మారుమనస్సా? మారువేషమా?

మా నంద్యాల ప్రాంతంలో క్రిస్మసు ఊరంతటికీ పండుగ. ఇళ్ళ ముందర నక్షత్రాలు వెలుగుతాయి. ఇరుగుపొరుగు ఇళ్ళకు కేకు ముక్కలు వెళతాయి. ఈస్టరుకు అంతటి ఆర్భాటం లేదు. "గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు మాస్టారూ!" అని శుక్రవారం నాడే నవ్వుతూ చేయి కలిపి, ఆదివారం సంగతి ఎరుగని సహృదయులు నాకు అనేకులు. వారిని తప్పుపట్టను. పుట్టుక అందరికీ తెలిసిన విషయం. ఏ ఇంట బిడ్డ పుట్టినా సంతోషమే. చనిపోయినవాడు లేచాడనే మాట అంత సులభమైనది కాదు. దానిని నమ్మాలి, లేదా కాదనాలి. ఊరకే మిఠాయి తిని ఊరుకోవటానికి వీలులేదు. క్రైస్తవ విశ్వాసపు వేరు మాత్రం ఆ మాటలోనే ఉన్నది.

ఈస్టరు ఆరాధనలో కలిగే ఆనందం ఎటువంటిది? దానిని కొత్త పుట్టుక అని ఎందుకంటారు? ఆ పుట్టుక నిజమైనదో కాదో పోల్చుకొనటం ఎలా? ఈ మూడు ప్రశ్నలను గురించి నాకు తోచినది చెప్పాలని ఈ ప్రయత్నం. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి గనుక మాటలతోనే మొదలుపెడతాను. పోతన పద్యం చెప్పే మాస్టారు ఆదివారం చర్చికి పోతాడేమిటని వింతపడేవారు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. జాషువా కూడా తెలుగు పండితుడేననీ, ఆయన "క్రీస్తు చరిత్ర" కావ్యానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందనీ వారికి గుర్తుచేసి ఊరుకుంటాను.

పునర్జన్మ, పునరుత్థానం, నూతన జన్మ. ఈ మూడు మాటలను కలగాపులగంగా వాడేవారు క్రైస్తవులలోనూ ఉన్నారు, ఇతరులలోనూ ఉన్నారు. మూడూ వేరు వేరు. దేహం విడిచిన జీవుడు కర్మానుసారంగా మరొక దేహం ధరించటం పునర్జన్మ. మన దేశపు దర్శనాలు దానిని ఎంతో లోతుగా చర్చించాయి. ఉత్థానం అంటే లేవటం. కార్తిక శుద్ధ ఏకాదశిని ఉత్థానైకాదశి అనటం తెలిసినదే కదా! పునరుత్థానం అంటే మరణించినవాడే, వేరొకడుగా గాక తానే అయి, మళ్ళీ లేవటం. సువార్తలలో లేచిన యేసు తన గాయాల గుర్తులను చూపుతాడు. లేచినంత మాత్రాన పడిన బాధ చెరిగిపోలేదు. బాధతో సహా లేచాడు. ఈ వివరం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఇక నూతన జన్మ. ఇది మనిషి బ్రతికి ఉండగానే జరుగవలసినది. యోహాను సువార్త మూడవ అధ్యాయంలో నీకొదేము అనే పెద్దమనిషి రాత్రివేళ యేసు దగ్గరకు వస్తాడు. అక్కడ యేసు జన్మను గురించి వాడిన మాటకు గ్రీకులో "అనోథెన్" అని ఉన్నది. దానికి "మళ్ళీ" అనే అర్థమూ ఉన్నది, "పైనుండి" అనే అర్థమూ ఉన్నది. మన అలంకారశాస్త్రం ప్రకారం ఇది చక్కని శ్లేష. నీకొదేము మొదటి అర్థమే పట్టుకొని, ముసలివాడు తల్లి గర్భంలోకి మళ్ళీ ఎలా పోతాడని అడుగుతాడు. శ్లేష అనువాదానికి లొంగదు గనుక మన తెలుగు అనువాదకులు "క్రొత్తగా" అని సరిపెట్టారు. అయితే వారే మరొకచోట మనకు ఒక అపురూపమైన మాటను ఇచ్చారు. అదే మారుమనస్సు.

గ్రీకులో "మెటనోయియా" అనే పదానికి ఇది తెలుగు. పశ్చాత్తాపం అంటే చేసినదానికి తరువాత తపించటం మాత్రమే. మారుమనస్సులో ఆ తపన దాటి వేరొక మనస్సు రావాలి. వ్యాకరణ దృష్టితో చూస్తే ఇది మిశ్రసమాసం. ఒక తెలుగు మాటా, ఒక సంస్కృత పదమూ పక్కపక్కన చేరి ఒకటైనవి. ఆ "మారు" అనేది మన భాషలో బహు చిత్రమైన మాట. మారుమనువు అంటే రెండవ మనువు. మారుతల్లి అంటే సవతి తల్లి. మారుమాట అంటే ఎదురు జవాబు. మారువేషం అంటే లోపలి మనిషి మారకుండా పైన మాత్రం మార్చుకొన్న రూపం. ఒకే "మారు" ఇటు మనస్సుకూ అటు వేషానికీ అతుకుతున్నది. ఈస్టరు ఉదయాన కొత్త బట్టలు కట్టి చర్చికి పోయే ప్రతి క్రైస్తవుడూ తనను తాను అడుగవలసిన ప్రశ్న నాకు ఈ రెండు సమాసాలలోనే దొరికింది. ఇది మారుమనస్సా? మారువేషమా?

ఈస్టరు ఎప్పుడు వస్తుందో తెలియక తికమకపడే మిత్రుల కోసం ఒక్క మాట. ఇది చంద్రుణ్ణి చూచి లెక్క కట్టే పండుగ. అన్ని సంఘాలూ ఒకే ఆదివారం జరుపుకొనాలని క్రీ.శ. 325లో నైసియా సభ నిర్ణయించింది. మార్చి 21న గాని, ఆ పైన గాని వచ్చే పున్నమి తరువాతి ఆదివారం ఈస్టరు. 2024లో ఫాల్గుణ పున్నమి తరువాత మార్చి 31న, 2025లో చైత్ర పున్నమి తరువాత ఏప్రిల్ 20న వచ్చింది. అంటే ఉగాదికి అటో ఇటో ఈస్టరు. వేపపూత, మామిడి పిందె కనబడే రోజులలోనే మా చర్చిలలో పునరుత్థాన కీర్తనలు వినబడతాయి.

ఐరోపా దేశాలలో మంచు కరిగి పూలు విచ్చుకొనే కాలం ఇది. అందువల్ల వారి ఈస్టరు పాటలలో, చిత్రాలలో వసంతం నిండి ఉంటుంది. ఆ బొమ్మల కార్డులు మా ఇళ్ళకూ వచ్చేవి. కాని నంద్యాలలో, ఆళ్లగడ్డలో ఏప్రిల్ నెల ఎలా ఉంటుందో అక్కడివారికి తెలుసు. జొన్న, శనగ ఇంటికి చేరి, నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చి ఉంటాయి. కుందూ సన్నబడుతుంది. తూర్పున నల్లమల ఎండి, దూరానికి బూడిదరంగులో కనబడుతుంది. తెల్లవారి ఎనిమిది గంటలకే ఎండ మాడు మీదికి వస్తుంది. ఇటువంటి నేల మీద నిలబడి "జీవం లేచింది" అని పాడటానికి కంటికి కనబడే సాక్ష్యం ఏదీ లేదు. ఉన్నదల్లా నమ్మకం. నెర్రె విచ్చిన రేగడి తొలకరి చినుకు పడగానే ఎలా మూసుకొనిపోతుందో తెలిసిన రైతుకు ఉండే నమ్మకం వంటిది అది. పచ్చని చేల మధ్య నిలబడి చేసే స్తోత్రం కంటె ఎండిన చేల మధ్య చేసే స్తోత్రానికే బరువు ఎక్కువ అని నా అభిప్రాయం.

ఇప్పుడు చరిత్ర కొంచెం చెప్పాలి. మా ప్రాంతానికి ఈ విశ్వాసం కడప వైపు నుండి వచ్చింది. ఎస్.పి.జి. అని పిలిచే ఆంగ్లికన్ మిషను 1850ల దశకంలో ఆళ్లగడ్డకు దక్షిణాన, చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడులో స్థిరపడింది. ఆ తరువాత నంద్యాలకు వచ్చి 1880ల దశకంలో ఉపాధ్యాయ శిక్షణాలయం నెలకొల్పింది. ఈ మధ్యలోనే ధాత నామ సంవత్సరపు కరువు (1876-78) దక్షిణాదిని దహించివేసింది. చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. "కూటి కోసం మతం మారారు" అనే మాట అప్పుడు పుట్టింది, ఇప్పటికీ చావలేదు.

ఆ మాటకు నా సమాధానం ఇది. ఆకలిగొన్నవాడు అన్నం పెట్టినవాడి మాట వినటం నేరం కాదు. కాని కరువు గింజలు ఒక ఏడాదిలో అయిపోతాయి. కరువు పోయిన తరువాత, దొరలు ఓడలెక్కి వెళ్ళిపోయిన తరువాత, ఐదారు తరాలుగా ఆ కుటుంబాలు తెల్లవారుజామున లేచి ఈస్టరు ఆరాధనకు ఎందుకు వస్తున్నాయి? కూటి కోసం కాదు గదా! ఈ దేశంలో మనిషి స్థానాన్ని పుట్టుక నిర్ణయించింది. ఉపనయనంతో రెండవ పుట్టుక పొందేవారిని ద్విజులన్నారు. ఆ రెండవ పుట్టుకకు అర్హత కూడా మొదటి పుట్టుకే నిర్ణయించింది. అటువంటి చోట "నీవు కూడా మళ్ళీ పుట్టవచ్చును, నీ మొదటి పుట్టుకతో దానికి పని లేదు" అనే మాట వినబడితే వినినవాని గుండె ఎలా కొట్టుకొని ఉంటుందో ఊహించండి. నీకొదేము వంటి పండితునికి అర్థం కాని మాట ముత్యాలపాడు పరిసరాల వెట్టి మనిషికి వెంటనే అర్థమై ఉంటుంది. పుట్టుక అతనికి సమస్య గనుక, కొత్త పుట్టుక అతనికి సువార్త అయింది.

ఈ అనుభవాన్ని నేను నా కళ్ళతో చూచినది ఒక ఈస్టరు ఉదయాన. నా ఇల్లాలు కాలం చేసిన తరువాత వచ్చిన రెండవ ఈస్టరు అది. మాలో ఆ తెల్లవారుజామున సమాధుల తోటకు పోయి, సున్నం వేసిన సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించటం ఆచారం. చీకటిలో ఆ వందలాది చిన్న మంటలను చూచినవారు మరచిపోలేరు. నేనూ వెలిగించాను. ఆనందం మాత్రం కలుగలేదు. శోకంలో ఉన్నవాడికి ఆనందించమని చెప్పటం దప్పిగొన్నవాడికి నీటి గురించి పద్యం చదవటం వంటిది. అక్కడి నుండి చర్చికి నడిచాను. పాటలు అయినవి, ప్రసంగం అయినది. అయ్యగారు రొట్టె విరిచారు. సంస్కారం తీసుకొనటానికి అందరితోబాటు వెళ్ళి మోకరించాను.

మా చర్చిలో అప్పటికి ఒకే పాత్ర. ద్రాక్షారసపు గిన్నె ఒకరి పెదవి నుండి మరొకరి పెదవికి వస్తుంది. నా పక్కన మోకరించినది మున్సిపాలిటీలో వీధులు ఊడ్చే ఒక ముసలామె. ఆమె త్రాగిన తరువాత అయ్యగారు అంచును గుడ్డతో తుడిచి, గిన్నెను కొద్దిగా త్రిప్పి నాకు అందించారు. త్రాగుతూ ఉండగా నా చిన్నతనపు టీ కొట్లు గుర్తుకు వచ్చాయి. రెండు గ్లాసుల పద్ధతి అని చదువరులు వినే ఉంటారు. కొందరికి ఒక గ్లాసు, మరికొందరికి చూరులో దోపిన వేరొక గ్లాసు. ఆ గ్లాసులో త్రాగి, దానిని తామే కడిగి, మళ్ళీ అక్కడే దోపి వచ్చిన మనుషుల మధ్య పెరిగినవాణ్ణి నేను. ఇక్కడ గిన్నె ఒకటే. ఆ ముసలామె లేచి నా వైపు చూచి, "అమ్మ లేచే ఉంటాది లే నాయనా, దిగులుపడొద్దు" అన్నది. నా భార్య ఆమెకు ఎప్పుడో ఒక చీర ఇచ్చిందట. ఆ ఒక్క మాటతో నా లోపల గడ్డకట్టినదేదో కరిగింది. సంబరం వేరు, సంతోషం వేరు. సంబరానికి డప్పులు, దీపాలు కావాలి. సంతోషం అనే మాటకు మూలం తుష్టి, కొరత తీరటం. నాకు ఆ ఉదయాన కలిగినది సంతోషం. భార్య తిరిగి రాలేదు, ఇల్లు నిండలేదు. అయినా నేను ఒంటరినన్న భావం పోయింది.

అందువల్ల ఈస్టరు ఆనందం మనిషి ఒక్కడి గుండెలో పుట్టే మైకం అని నేను ఒప్పుకోను. అది పక్కనున్న మనిషి ద్వారా వస్తుంది. సువార్త కథలు కూడా ఇలాగే చెబుతున్నాయి. మగ్దలేనే మరియ యేసును తోటమాలి అనుకున్నది. తన పేరు పెట్టి పిలిచినప్పుడు గాని పోల్చుకొనలేదు. ఎమ్మాయు దారిన పోయిన ఇద్దరు శిష్యులు వెంట నడుస్తున్నవాణ్ణి దారి పొడుగునా ఎరుగలేదు. రొట్టె విరిచినప్పుడు ఎరిగారు. పిలుపులో, పంక్తిలో తెలిసేవాడు ఆయన.

పంక్తి దాటిన తరువాత ఏమవుతున్నది? అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. చర్చిలో ఒకే గిన్నె త్రాగినవారు పెళ్ళి సంబంధం దగ్గరకు వచ్చేసరికి మాల ఇల్లా, మాదిగ ఇల్లా అని విచారిస్తారు. పై కులాల నుండి వచ్చిన క్రైస్తవులు తమ కులనామాన్ని బాప్తిస్మపు నీటిలో వదలలేదు. సంఘ ఎన్నికలు వస్తే కులం లెక్కలు బయటికి వస్తాయి. తెలుగునాట కొన్నిచోట్ల సమాధుల తోటలలో కూడా ఎవరి వరుస వారిదే. లేచే రోజున అందరం కలిసి లేస్తామని నమ్మేవారు పడుకొనటానికి వేరు వేరు చోట్లు వెదకుకొనటం ఎంతటి విడ్డూరం! దీనికే నేను మారువేషం అని పేరు పెట్టాను.

న్యాయంగా మరొక మారువేషాన్ని గురించి కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ముడి సడలించారు, క్రైస్తవులకు సడలించలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారు బి.సి.లలో "సి" వర్గం. వారికి రిజర్వేషను 1 శాతం. అందువల్ల ఈస్టరు నాడు ముందు బల్ల మీద కూర్చుని పాడే పిల్లవాడు సోమవారం కాలేజీ కాగితంలో మరొక మతం వ్రాస్తాడు. వాణ్ణి నేను నిందించను. వాని తాతను ఊరి వెలుపల ఉంచిన కులం బాప్తిస్మంతో మాయం కాలేదు. చట్టం మాత్రం మాయమైనట్లు లెక్క కట్టింది. వేషం వేయించినవారిని వదలి, వేసినవాణ్ణి మోసగాడనటం ధర్మం కాదు. అయితే ఇదే సందర్భంలో సంఘం కూడా ఒకటి ఆలోచించాలి. కులం మా దగ్గర లేదని ప్రభుత్వం ముందర గాని, లోకం ముందర గాని చెప్పే హక్కు దానిని నిజంగా వదలుకొన్నవారికే ఉంటుంది.

నంద్యాల నుండి కడప దారిన సుమారు 40 కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. అహోబిల నరసింహుని వాకిలి. రాతి శిల్పుల ఊరు. రోడ్డు పక్కన ఉలి చప్పుడు వినని రోజు ఉండదు. ఆళ్లగడ్డ వారికి రాయి బరువు తెలుసు. సమాధికి పోయిన స్త్రీలు దారిలో "ఆ రాయి మనకు ఎవరు దొర్లిస్తారు?" అని దిగులుపడిన ఘట్టం అక్కడ చదివితే అందరికీ ఒంట పడుతుంది. ఆ సీమకు మరొక బరువు కూడా తెలుసు. అది ముఠాకక్షల బరువు. ఒక ఇంటి మనిషి పడితే ఎదుటి ఇంటి మనిషి పడాలి. అదే వారికి సమాధానం. తరాలు గడిచినా తీరని లెక్క అది. ఈ మధ్యకాలంలో ఆ మంటలు చాలావరకు తగ్గినా, వాటిలో భర్తలను, కొడుకులను పోగొట్టుకొన్న స్త్రీలు ఆ పల్లెలలో ఇంకా ఉన్నారు.

ఇక్కడ కూడా మన భాష ఒక మేలు చేసింది. వాడుక తెలుగులో సమాధానం అంటే జవాబు. తెలుగు బైబిలులో సమాధానం అంటే శాంతి. లేచిన యేసు, తలుపులు మూసుకొని భయంతో దాగిన శిష్యుల మధ్య నిలిచి మొదట పలికిన దీవెన ఈ సమాధానమే. తనను అప్పగించినవారిని, వదలి పారిపోయినవారిని, చంపినవారిని గురించి ఒక్క పగ మాట లేదు. హత్యకు ఆయన ఇచ్చిన జవాబు శాంతి. రెండు అర్థాలూ అక్కడ ఒకటైనవి. దక్షిణ ఇండియా సంఘం 1950లో కూర్చుకొన్న ఆరాధన క్రమంలో ఈ సమాధానాన్ని చేతుల ద్వారా అందించుకొనే పద్ధతి ఉన్నది. ఒకరి జోడించిన చేతులను మరొకరు తమ అరచేతుల మధ్య తీసుకొంటారు. అలా బల్ల దగ్గర నుండి చివరి వరుస దాకా వస్తుంది. మాట లేకుండా సాగే ఆ చిన్న కార్యం చూచినప్పుడల్లా, ఇది చర్చి గోడ దాటి ఆళ్లగడ్డ సంతదాకా పోతే ఎంత బాగుండునని అనుకుంటాను.

నూతన జన్మకు గుర్తు ఏమిటంటే నేను చెప్పగలిగినది ఇంతే. కన్నీళ్ళు కాదు, గొంతు చించుకొని పాడటం కాదు, మైకు చప్పుడు అంతకన్నా కాదు. నిన్నటి వరకు ఎవరి గ్లాసు వేరుగా ఉంచామో వారితో కలిసి త్రాగగలగటం. ఎవరికి జవాబు చెప్పాలని కాచుకొని ఉన్నామో వారికి సమాధానం ఇవ్వగలగటం. ఎవరి సమాధి పక్కన మన సమాధి ఉండకూడదనుకున్నామో అక్కడే చోటు అడుగగలగటం. ఇవి చేయగలిగినవాడు క్రైస్తవుడైనా కాకపోయినా కొత్తగా పుట్టినవాడేనని నా నమ్మకం. చేయలేనివాడు ఎన్ని ఈస్టరులు చూచినా తెల్లబట్టలు కట్టిన పాత మనిషే.

ఈ విషయంలో మా పెద్దలను, సంఘ పాలకులను నేను కోరేది ఒకటే. వచ్చే ఈస్టరుకు దీపాలు కొన్ని తక్కువ పెట్టినా పరవాలేదు. సమాధుల తోటలో వరుసల మధ్య గోడ ఉన్నచోట ఆ గోడ తీయించండి. రాయి దొర్లించిన పండుగకు అంతకంటె తగిన అలంకారం లేదు. ఇతర మతాల మిత్రులను కోరేది మరొకటి. ఈసారి శుక్రవారం ఊరకుండండి. ఆదివారం ఉదయాన వచ్చి శుభాకాంక్షలు చెప్పండి. ఆ పూట మా ఇళ్ళ తలుపులు తెల్లవారకముందే తీసి ఉంటాయి.

సర్వే జనాః సుఖినో భవంతు. అందరికీ సమాధానం కలుగును గాక!